పద్నాలుగు రోజుల గింజలు

అచ్చాఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 1

మామయ్యకు,

మొన్న మంగళవారం పొద్దున పదీ ఇరవైకి, మా ఎదురుగా ఉన్న పిండిమిల్లు మేనేజరు బైరిడేగల గుడ్లు మూడింటిని నీళ్ల గొట్టంతో కొట్టించి నేలపాలు చేశాడు. పని చేసింది గొట్టం పట్టుకున్న కూలీ. చేయించింది మేనేజరు. కింద గొడుగు వేసుకుని నిలబడి, "ఇంకొంచెం ఎడమకి, ఎడమకి" అని అరిచాడు. నేను చూశాను, నా కళ్లతో. ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప.

వివరంగా చెబుతాను. లేకపోతే ఎప్పటిలాగే "ఇది ఉడుకుతోంది" అనుకుని ఉత్తరం మడిచేస్తావు. మిల్లు ఆవరణలో గోధుమలు నిలవచేసే సిమెంటు టవరు ఉంది. మా భవనం కన్నా రెండింతలు ఎత్తు. పైనుంచి మూడో వరుసలో చుట్టూ జానెడున్నర వెడల్పు అంచు ఉంటుంది. ప్రూఫులు దిద్దే నా బల్ల కిటికీ పక్కనే కాబట్టి, తల ఎత్తితే ఆ అంచే కనిపిస్తుంది. కిందటి అక్టోబరులో దాని మీద ఒక పక్షి కూర్చుని ఈకలు పీకుతుంటే గద్ద అనుకున్నాను. గద్ద కాదు. కళ్ల కింద కాటుక కారినట్టు నల్లటి చారలు, పొడుగాటి మొనదేలిన రెక్కలు. మా ప్రెస్సులో అచ్చయిన పక్షుల బొమ్మల పుస్తకం మిగులు కాగితాల్లో వెతికి పట్టుకున్నాను, బైరిడేగ. రెండున్నాయి. ఆడదే పెద్దది, దాన్ని పెద్దమ్మ అంటున్నాను. మగది సన్నగా ఉంటుంది, బక్కాయన.

మామయ్యా, అవి వేటాడటం నువ్వు చూడాలి. మిల్లులో లారీలు దించే చోట గోధుమలు ఒలుకుతాయి, వాటికోసం వందల పావురాలు. పెద్దమ్మ టవరు కొసన కదలకుండా కూర్చుంటుంది. గుంపు లేస్తుంది. అది వెంటనే కిందికి రాదు, ఇంకా పైకి వెళుతుంది. చుక్కంత అవుతుంది. అక్కడినుంచి రెక్కలు ముడుచుకుని పడుతుంది. ఎగరడం కాదు, పడటం. గుంపు చీలిపోతుంది, మధ్యలో ఈకల పొగ కనిపిస్తుంది. ఆ తరవాత కానీ చప్పుడు వినపడదు. చొక్కా చింపినట్టుంటుంది.

ఎవడి సొమ్మూ తినకుండా, ఎవడి ముందూ చెయ్యి చాచకుండా బతికే జీవి మీద నీళ్ల గొట్టమా? ఎందుకని అడగడానికి గేటు దగ్గరికి వెళ్తే మేనేజరు, "అమ్మాయ్, మాకు పావురాల బెడదే చాలు, పైన ఇంకో పక్షి ఎందుకు?" అన్నాడు. పావురాల్ని తినేదే అది కదయ్యా అంటే, "అది తిని పారేసే బొచ్చు నా పిండిలో పడుతోంది" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను. అమ్మ చదువుతుంది.

నువ్వు ముప్ఫై ఏళ్లుగా ఎలుకల మందు కంపెనీలో గోదాములన్నీ తిరిగిన మనిషివి. మిల్లుల వాళ్లని ఎక్కడ నొక్కితే కదులుతారో నీకు తెలుసు. చెప్పు. ఈలోగా నేనొక కరపత్రం రాస్తున్నాను.

నీ మేనకోడలు

*

కంపెనీ గోదాము వెనక గది
మార్చి 8

సీమటపాకాయకు,

నీ ఉత్తరం అందింది. మా అక్క రాసిన ఉత్తరం కూడా అదే రోజు అందింది. "నీ మేనకోడలు ప్రూఫులు దిద్దమంటే ఆకాశం దిద్దుతోంది, నువ్వే చెప్పు" అని. నాతో చెప్పించుకునే వయసు నీకు దాటిపోయిందని తనకి రాశాను. నీకు మాత్రం నాలుగు మాటలు.

మొదటిది, మేనేజరుని రాక్షసుడు చెయ్యకు. పావురం రెట్ట గోధుమల్లో పడితే ఆ పిండి తిన్న పిల్లలకి జబ్బులొస్తాయి. అలాంటి గోదాములు నేను చూశాను. అతని బాధ అబద్ధం కాదు. అతను ఎంచుకున్న మందు తప్పు.

రెండోది, ఇంత తొందరగా గుడ్లు పోతే ఆ జంట మూడు వారాల్లో మళ్లీ పెట్టవచ్చు. వేరే వైపు చూసుకుంటాయి. కంగారు పడకు.

మూడోది ముఖ్యం. కేకలు ఎవరైనా వేస్తారు. నువ్వు లెక్క రాయి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్ని పావురాలు ఎక్కడ వాలాయి, డేగ ఎన్నిసార్లు దూకింది, ఎన్నిసార్లు తప్పింది. నెల తిరిగేసరికి నీ చేతిలో మేనేజరు కాదనలేని కాగితం ఉంటుంది. అరిచేవాళ్లని గేటు దగ్గరే ఆపుతారు, కాగితం మాత్రం బల్ల మీదికి వెళుతుంది. నా అనుభవంలో తెలిసింది ఇంతే.

నా పాత బైనాక్యులర్స్ పార్సెల్ చేశాను. ఎడమ కంటి అద్దం మీద గీత ఉంది, కుడి కన్ను వాడు.

మామయ్య

*

అచ్చాఫీసు
ఏప్రిల్ 24

మామయ్యా,

పొదిగాయి! మూడు పిల్లలు. టవరుకి మా వైపే, పాత అంచుకి ఒక వరుస పైన. అక్కడికి గొట్టం నీళ్లు అందవు. గూడంటే పుల్లల గూడు కాదు. కంకరలో చిన్న గుంట, అంతే. పిల్లలు దూదిపింజల్లా ఉన్నాయి, నోళ్లు మాత్రం పెద్దవాళ్లవి. పెద్దమ్మ మాంసం చీల్చి ఒక్కొక్క ముక్కే, వంగి, ముక్కు చివరతో అందిస్తోంది. అరగంట కిందట పావురం వెన్ను విరిచిన ముక్కు అదే.

నువ్వు చెప్పినట్టే లెక్క రాస్తున్నాను. మార్చి పది నుంచి నిన్నటి దాకా నా కళ్లముందు దూకినవి నూట పన్నెండు. దొరికినవి ఇరవై ఆరు. అంటే నాలుగింట మూడు సార్లు ఉత్త చేతులే. మా ఫోర్మన్‌తో అంటే, "మరి నువ్వు దిద్దిన ప్రూఫుల్లోనూ అంతే కదమ్మా" అన్నాడు. అతనికి ఈమధ్య నోరు బాగా లేస్తోంది.

ఒక సంగతి కనిపెట్టాను. దొరికిన ఇరవై ఆరింటిలో పంతొమ్మిది గుంపులో సరిగ్గా కలవనివి. ఒకటి కుంటుతూ లేచింది, ఒకదానికి రెక్కలో ఈకలు రాలిపోయాయి, ఒకటి తెల్లది, మిగతావి వెనకబడినవి. తిన్నగా, కలిసికట్టుగా తిరిగే గుంపుని అది ముట్టుకోలేదు. దూకినా చివర్లో పక్కకి తప్పుకుంటుంది. దీన్నిబట్టి కలిసి ఉన్నవాళ్లని ఎవడూ ఏమీ చెయ్యలేడని ఒక కరపత్రం రాశాను. కానీ డేగ పక్షాన ఉండి పావురాల ఐక్యత గురించి రాస్తే వాదం ఎటు పోతోందో నాకే అర్థం కాలేదు. చింపేశాను.

మొదటి కరపత్రం సంగతి నీకు చెప్పలేదు. చెబితే నవ్వుతావని. పాడైన కాగితాల మీద రెండు వందల ప్రతులు వేసి వీధంతా పంచాను. "గుడ్ల హంతకుడికి గుణపాఠం" అని పేరు. ఆదివారం పార్కు దగ్గర సభ పెట్టాను. వచ్చింది ఒక్క సంచులత్త. మిల్లులో గోనెసంచుల మూతులు కుడుతుంది కాబట్టి ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. "ఎవరో ఒకరు రావాలి కదా, పాపం చదువుకున్న పిల్లవి" అంటూ వచ్చింది. ఆమె వెంట వాళ్ల కుక్క కూడా. ఫోర్మన్ నన్ను మూడు రోజులు పనిలోకి రావద్దన్నాడు. కాగితం వాడినందుకు కాదట, సగం పేజీ ఆశ్చర్యార్థకాలకే పోయిందట, ఆ టైపు దొరక్క పెళ్లి శుభలేఖలు ఆగిపోయాయట.

పిల్లలు ఎగరడానికి నలభై రోజులు పడుతుంది. జూన్ మొదటి వారం. అప్పటిదాకా నేను ఎక్కడికీ కదలను.

నీ మేనకోడలు

*

కంపెనీ గోదాము వెనక గది
ఏప్రిల్ 29

సీమటపాకాయకు,

నవ్వాను. గట్టిగానే. పక్క గదిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఏమైందని వచ్చారు, నీ సభ సంగతి చెబితే వాళ్లూ నవ్వారు. ఆ కుక్కని సభ్యత్వంలో చేర్చుకున్నావా లేదా?

లెక్కలు మాత్రం బాగున్నాయి. గుంపులో తేడాగా ఉన్నదాన్నే ఎంచుకుంటుందన్నావే, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నిజమే. వేటాడేది ఏదైనా అంతే.

మూడు పిల్లలకి రోజుకి రెండు పావురాలైనా కావాలి. బక్కాయన చిక్కిపోతాడు. నువ్వు తింటున్నావా?

మామయ్య

*

అచ్చాఫీసు
మే 6

మామయ్యా,

మనుషులు మారతారు! ఈ మాట నా నోటినుంచి వస్తుందనుకోలేదు. మిల్లు మేనేజరు పావురాలకి గింజలు వేయిస్తున్నాడు!

మూడో తేదీ పొద్దున ఏడూ పదికి ఒక మనిషి వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో మూత ఉన్న బకెట్. లారీలు దించే షెడ్డు మీద చదునుగా కప్పు ఉంది కదా, దాని మీదికెక్కి మూడు వరుసలుగా గోధుమలు చల్లి, మూలన కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు పది పావురాలు వచ్చాయి. ఇవాళ నాలుగో రోజు, వందకి తక్కువ లేవు. కేకలు వెయ్యడు, ఏమీ వెయ్యడు. ఓపికకి మారుపేరు. గింజలాయన అని పేరు పెట్టాను.

మా రెండో అంతస్తు వరండా నుంచి ఆ కప్పు మీదికి ఒక్క అడుగు. నిన్న వెళ్లి మాట్లాడాను. చాలా మర్యాదస్తుడు, తక్కువ మాటలు. "మీరు పక్షుల్ని చూస్తారట కదండీ" అని ఆయనే అడిగాడు. సంచులత్త చెప్పిందట. పావురాలు రాత్రి ఎక్కడ పడుకుంటాయి, పొద్దున ఏ దారిన వస్తాయి, ఎన్ని ఉంటాయి అని అడిగితే నోటితో ఎంతని చెబుతాను, నా నోట్‌బుక్కే ఇచ్చేశాను! పేజీలు తిప్పి చూసి, "ఇంత పని మా వాళ్లెవరూ చెయ్యలేదండీ" అన్నాడు. మామయ్యా, రెండు నెలల్లో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి. నువ్వు తప్ప.

వేటకి ఇది ఎంత కలిసొచ్చిందంటే, ఇప్పుడు గుంపంతా రోజూ ఒకే వేళకి, ఒకే దారిన, గూటికి ఎదురుగానే వస్తోంది. పెద్దమ్మ ఏడింటికల్లా కొసన సిద్ధం. నాలుగు రోజుల్లో ఆరు దొరికాయి. పిల్లలు బలుస్తున్నాయి. గింజలు తిని పావురాలు, పావురాల్ని తిని డేగలు, ఇంత సక్రమంగా పంపిణీ జరగడం నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు.

ఇవాళ కృతజ్ఞతా పత్రం ఒకటి కంపోజ్ చేశాను. ఫోర్మన్ చూసి, "ఒక్క ఆశ్చర్యార్థకమే ఉందేమిటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. రేపు మేనేజరు చేతికే ఇస్తాను.

నీ మేనకోడలు

*

కంపెనీ గోదాము వెనక గది
మే 9

అమ్మాయికి,

ఆ పత్రం ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు.

కింది వాటికి జవాబు రాయి. ఆలస్యం చెయ్యకు. ఆ మనిషి చేతులకి తొడుగులు వేసుకుంటాడా? రోజూ అదే నిమిషానికి వస్తాడా? చల్లిన గింజలు ఎంతసేపట్లో అయిపోతున్నాయో గడియారం చూసుకుంటాడా? మిగిలినవి వదిలేస్తాడా, ఊడ్చి తీసుకెళ్లి తూకం వేస్తాడా? పిచ్చుకలు, కాకులు వస్తే తోలుతాడా? గింజలు పొడిగా ఉన్నాయా, నూనె రాసినట్టున్నాయా?

నోట్‌బుక్కు తిరిగి తీసుకో.

మామయ్య

*

అచ్చాఫీసు
మే 13

మామయ్యకు,

నీ ఉత్తరం ఉత్తరంలా లేదు, పోలీసు స్టేషనులా ఉంది. "అమ్మాయికి" అట! సీమటపాకాయ ఎటు పోయింది? లోకంలో ఒక్కడు మంచి పని చేస్తే దాని మీద కూడా ఆరా తియ్యాలా? ముప్ఫై ఏళ్లు ఎలుకల వెనక తిరిగితే ఇలాగే అవుతారేమో.

అయినా అడిగావు కాబట్టి రాస్తాను. తొడుగులు మొదట్లో లేవు. ఇప్పుడు వేసుకుంటున్నాడు. నిమిషం కూడా తప్పడు, ఏడూ పది. గడియారం చూస్తాడు. మొదట్లో గింజలు గంటసేపు ఉండేవి, ఇప్పుడు పది నిమిషాల్లో నున్నగా. మిగిలినవి ఊడ్చి చిన్న త్రాసులో తూచి రాసుకుంటాడు. పొదుపరి, నాకది నచ్చింది. పిచ్చుకల్ని తోలుతాడు, ఎందుకంటే, "ఇవి పావురాలవి" అన్నాడు. గింజలకి నిన్నటినుంచి నూనె రాస్తున్నాడు, మెరుస్తున్నాయి. ఈకలకి మంచిదేమో.

నోట్‌బుక్కు అడిగాను. "పదిహేడో తేదీ తరవాత ఇచ్చేస్తానండీ, అప్పటికి నా పని అయిపోతుంది" అన్నాడు. పత్రం మేనేజరుకి ఇచ్చేశాను. చదివి, నా ముఖం చూసి, మళ్లీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుపడ్డాడని నా నమ్మకం.

పిల్లలకి రెక్కల్లో నల్ల ఈకలు మొలుస్తున్నాయి. పెద్దది అంచు మీద నిలబడి రెక్కలు ఆడించి, భయపడి కూర్చుంది. మూడు వారాలే.

నీ మేనకోడలు (సీమటపాకాయ)

*

కంపెనీ గోదాము వెనక గది
మే 15, సాయంత్రం

తల్లీ,

ఇది టపాలో వేస్తే పద్దెనిమిదో తేదీకి అందుతుంది. అందుకే రైలు గార్డు చేతికిస్తున్నాను. నిలబడి కాదు, కూర్చుని చదువు.

అతను గింజలు వేస్తున్నది పావురాలు తినాలని కాదు, అలవాటు పడాలని. పద్నాలుగు రోజులు ఉత్త గోధుమలు. ఒకే చోటు, ఒకే వేళ. చివరి ఐదు రోజులు నూనె రాస్తారు, మెరుపుకి పక్షులు బెదరకుండా. పదిహేనో రోజు ఆ నూనెలో మందు కలుపుతారు. మూడో తేదీన మొదలైంది కాబట్టి పదిహేడో తేదీ. ఎల్లుండి ఏడూ పదికి.

మందు తిన్న పావురం వెంటనే చావదు. మత్తుగా, వంకరగా ఎగురుతుంది. గుంపులో తేడాగా ఉంటుంది. మిగతాది నువ్వే ఏప్రిల్లో రాశావు. ఆ రోజు పెద్దమ్మకి గురి తప్పదు. పిల్లలు ముగ్గురికీ అదే పెడుతుంది.

ఇది నాకెలా తెలుసంటే, ఈ పద్ధతి నేను రాశాను. పదకొండేళ్ల కిందట, రెండు పేజీల కాగితం. ఇప్పటికీ కొత్తవాళ్లకి అదే చేతికిస్తాం. మీ గింజలాయనని పంపింది మా కంపెనీయే, రిజిస్టరులో చూశాను. రెండేళ్ల కిందట నా ముందు బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నవాడు. బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. "అక్కడివాళ్లని అడిగి పక్షుల రాకపోకలు రాసుకోవాలి" అనేది ఆ కాగితంలో మూడో వాక్యం. నీకు లెక్క రాయమని చెప్పిందీ నేనే.

నీ ఆరో తేదీ ఉత్తరం చదవగానే తెలిసింది. ప్రశ్నలు అడిగింది తెలియక కాదు, ఒక్కదానికైనా నువ్వు కాదని రాస్తావేమోనని. అలా ఆరు రోజులు పోగొట్టాను. ఇంకా ఒకటి ఉంది. మొదటిసారి ఆ పద్ధతి వాడింది ఒక విత్తనాల గోదాములో. మూడో రోజు గోడ పక్కన రెండు గద్దలు, ఒక గుడ్లగూబ కనిపించాయి. నేనే గొయ్యి తీసి పూడ్చాను. కాగితంలో ఆ సంగతి రాయలేదు. రాస్తే కంపెనీ ఒప్పుకోదనుకున్నాను. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు పనికొచ్చే మాట. ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. పక్షులు ఒక్క పొద్దున ఆ చోట బెదిరిపోతే పద్నాలుగు రోజులూ వృథా. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కప్పు మీద మనుషులు నిలబడితే చాలు, పావురం వాలదు. పక్షులు వాలని రోజు మందు బకెట్ మూత తియ్యకూడదని నా కాగితంలోనే ఉంది. మళ్లీ పద్నాలుగు రోజులంటే నీ పిల్లలు ఎగిరే వేళకి వస్తాయి. ఈలోగా మేనేజరుకి వేరే దారి చూపించవచ్చు. లారీల దగ్గర ఒలికే గోధుమలు రోజూ ఊడిస్తే, షెడ్డుకి వల కడితే పావురాలు వాటంతట అవే తగ్గుతాయి. అది నేను రాసిస్తాను.

నేను రావడం మాత్రం కష్టం. ఉద్యోగానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ కుర్రాడు నన్ను "సార్" అంటాడు. అతని ఎదుట నిలబడి, నేను నేర్పింది ఆపమని ఏ ముఖంతో చెప్పను?

మామయ్య

*

అచ్చాఫీసు
మే 16, పొద్దున పదకొండు

మామయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు చెప్పినట్టే కూర్చుని. రెండోసారి మెట్ల మీద, గింజలాయన బకెట్ తన్నేద్దామని దిగుతూ. ఎదురొచ్చిన సంచులత్త చెయ్యి పట్టుకుంది. "ఇవాళ తంతే రేపు పోలీసుల్ని పెట్టుకుని వేస్తారు. కూర్చో" అంది. మూడోసారి ఆమెకి చదివి వినిపించాను. మొత్తం. గద్దల సంగతి కూడా.

నీ మీద కోపం ఉంది. చిన్నది కాదు. దాన్ని ఏ అక్షరాలతో రాయాలో తెలియక వదిలేస్తున్నాను. నా మీద నాకున్నది ఇంకా పెద్దది. డేగలు చేరినప్పటినుంచి చూస్తున్నాను, రెండు నెలలుగా నిమిషాలతో సహా రాశాను, ఆ కాగితాలు నా చేతులతో నేనే ఇచ్చాను, పైగా కృతజ్ఞతలు అచ్చు వేసి. మేనేజరు సిగ్గుపడలేదు మామయ్యా, నవ్వు ఆపుకున్నాడు. ఇప్పుడు అర్థమైంది.

అమ్మకి చెప్పాను. "వాడు చిన్నప్పుడు చీమల వరుస దాటడానికి పది నిమిషాలు నిలబడేవాడు" అంది. అంతే. రేపు తనూ వస్తుందట.

ఫోర్మన్ దగ్గరికి వెళ్లి కాగితం అడిగాను. ఈసారి దొంగతనంగా కాదు. "మళ్లీ హంతకులా?" అన్నాడు. విషయం చెబితే, "రాత నువ్వు రాయకు. నువ్వు చెప్పు, నేను కూరుస్తాను. ఎనిమిది వాక్యాలు దాటితే ఒప్పుకోను" అన్నాడు. పేజీ ఒకవైపే, పెద్ద టైపు. ఎవరినీ తిట్టలేదు. మధ్యాహ్నానికి నూట యాభై అవుతాయి. సంచులత్త మిల్లులో పంచుతుంది. పొద్దున ఎనిమిదింటి షిఫ్టు ఆడవాళ్లు పంతొమ్మిది మంది పనిలోకి వెళ్లే ముందు కప్పు మీదికి వస్తామన్నారు. "ఆ రెట్ట పడ్డ పిండి మేమూ తింటాం, ఆ మందు పడ్డ పిండి కూడా మేమే తినాలా?" అందట ఒకామె. ఇన్నాళ్లూ నా కరపత్రాల్లో లేని వాక్యం అది. పెట్టించాను.

ఒక్క చిక్కుంది. ఆయన ముందే వచ్చి గింజలు చల్లేస్తే అవి నూనె గింజలో మందు గింజలో మాకెవరికీ తెలియదు. ఊడ్చి ఎత్తడానికి చెయ్యి పెట్టాలన్నా భయం. తేడా చూడగానే చెప్పగలిగింది ఇద్దరే. ఒకడు బకెట్ పట్టుకుని వస్తాడు. రెండోవాడివి నువ్వు. ఆ కుర్రాడి ఎదుట ఏ ముఖంతో నిలబడాలని అడిగావు. బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పిన ముఖంతోనే నిలబడు. నువ్వు రాయకుండా వదిలేసిన వాక్యం అతనికి చెప్పు. మేము అరిస్తే అతను బెదరడు. నువ్వు చెబితే వింటాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడే కదా.

గార్డు పన్నెండుకి బయలుదేరతాడు, నీకు సాయంత్రానికి అందుతుంది. నీ వైపునుంచి రైలు ఇక్కడికి పొద్దున అయిదూ ఇరవైకి వస్తుంది. స్టేషను నుంచి నడిస్తే పావుగంట. ఇప్పుడు పెద్దమ్మ తిరిగొచ్చి గూటి మీద వాలింది. పిల్లలు మూడూ నోళ్లు తెరిచాయి. కరపత్రం మొదటి ప్రతి నీకే పంపుతున్నాను, సిరా ఇంకా ఆరలేదు, జాగ్రత్తగా విప్పు.

నీ మేనకోడలు

*వీధివాసులకు, మిల్లు కార్మికులకు*

*రేపు, మే 17న, పిండిమిల్లు షెడ్డు కప్పు మీద పావురాలకి మందు కలిపిన గోధుమలు వేయబోతున్నారు. ఆ మందు పావురాలతో ఆగదు, వాటిని తినే బైరిడేగలకీ, టవరు మీద ఎగరడానికి సిద్ధమవుతున్న వాటి మూడు పిల్లలకీ చేరుతుంది. రెట్ట పడ్డ పిండి మేమూ తింటాం, మందు పడ్డ పిండి కూడా మేమే తినాలా? మనుషులు నిలబడిన చోట పావురం వాలదు, కాబట్టి అరవనక్కర్లేదు, ఎవరినీ కొట్టనక్కర్లేదు, వచ్చి నిలబడితే చాలు. కింద పడ్డ గింజల్ని ఎవరూ ముట్టుకోవద్దు. పిల్లల్ని తీసుకురావద్దు, చీపుర్లు తీసుకురండి. అచ్చాఫీసు రెండో అంతస్తు వరండా తలుపు తెరిచి ఉంటుంది. రేపు పొద్దున ఆరింటికి, అందరూ.*